చిన్న నక్షత్రాల జ్వాలలు, వాటి గ్రహాల మీద బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టా ఊళ్ళలో వేసవి రాత్రుళ్ళు టెలిస్కోపు పెట్టినప్పుడు, ఆ తర్వాత వాట్సాప్‌లోనూ, నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "భూమిలాంటి గ్రహం దొరికిందట, నిజమేనా మాస్టారూ?" వార్తల్లోకి ఎక్కే ఆ గ్రహాల్లో మనకు దగ్గరవి చాలావరకు చిన్న ఎర్ర నక్షత్రాల చుట్టూ తిరిగేవే. అందుకే ప్రశ్న గ్రహం గురించి అయినా జవాబు నక్షత్రం దగ్గర మొదలుపెట్టక తప్పదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు నుంచి పదేపదే వచ్చిన ప్రశ్నలు, వాటికి నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

చిన్న నక్షత్రం అంటే ఎంత చిన్నది?

సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు 8 శాతం నుంచి 60 శాతం దాకా ఉండేవాటిని ఎర్ర మరుగుజ్జులు అంటారు. 8 శాతం కన్నా తగ్గితే లోపల హైడ్రోజన్ నిలకడగా మండదు, దాన్ని నక్షత్రం అనరు. సూర్యుడి పైభాగం వేడి 5,500 డిగ్రీల సెల్సియస్ అయితే వీటిది 2,100 నుంచి 3,600 లోపు. మన పాలపుంతలో ప్రతి నాలుగు నక్షత్రాల్లో దాదాపు మూడు ఈ రకమే. వీటిలో ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చూడటానికి గురుగ్రహం కన్నా కొంచెమే పెద్దది, ద్రవ్యరాశి మాత్రం గురుడికి 90 రెట్లు.

ఇవి మహా పొదుపరులు. ఉన్న ఇంధనాన్ని లక్షల కోట్ల సంవత్సరాలు వాడుకుంటాయి. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళే కాబట్టి ఇప్పటిదాకా ఒక్క ఎర్ర మరుగుజ్జు కూడా ముసలిదై చావలేదు.

మన ఊరి నుంచి కనిపిస్తాయా?

మామూలు కంటికి ఒక్కటీ కనిపించదు. అన్నిటికన్నా దగ్గరిదైన ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల (కాంతి ఏడాదిలో వెళ్ళే దూరమే ఒక కాంతి సంవత్సరం) దూరంలోనే ఉన్నా దానికీ టెలిస్కోపు కావాలి. 1915లో ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ ఇన్నెస్ గుర్తించేవరకు అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

అది ఉండే చోటు మాత్రం చూడొచ్చు. మే నెల మధ్యలో రాత్రి 11 ప్రాంతంలో అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి తీరంలో నిలబడి సరిగ్గా దక్షిణానికి, సముద్రం వైపు తిరగండి. చేయి చాచి పిడికిలి పట్టి నీటి అంచు మీద పెడితే, దానికి కాస్త పైన రెండు మంచి చుక్కలు పక్కపక్కన ఉంటాయి. ఎడమ వైపుది ఆల్ఫా సెంటారీ. కుడిపక్కన ఇంకాస్త దూరంలో, త్రిశంకు అని మన పెద్దలు చెప్పుకునే సిలువ ఆకారం ఉంటుంది. ప్రాక్సిమా ఆ ఆల్ఫాకు రెండు డిగ్రీల దూరంలో ఉంది. ఢిల్లీ వాళ్ళకు ఆల్ఫా దాదాపుగా దిగంతాన్ని అంటుకునే ఉంటుంది, మనకు హాయిగా 12 డిగ్రీల పైకొస్తుంది. అడ్డొచ్చేవి రొయ్యల చెరువుల లైట్లు, గ్యాస్ బావుల మంటలు, సముద్రం మీద తేమ. జూన్ వచ్చేస్తే మబ్బులు. కాబట్టి ఏప్రిల్ చివర, మే నెల వదులుకోవద్దు.

అంత చిన్న నక్షత్రానికి జ్వాలలు విసిరేంత ఉద్రేకం ఎందుకు?

అయస్కాంత క్షేత్రం వల్ల. సూర్యుడిలో పైనుంచి సుమారు 30 శాతం లోతు వరకే వేడి వాయువు పైకీ కిందకీ సుళ్ళు తిరుగుతుంది. ద్రవ్యరాశి సూర్యుడిలో 35 శాతం కన్నా తక్కువ ఉన్న నక్షత్రాల్లో కేంద్రం దాకా మొత్తం సుళ్ళే. విద్యుదావేశం ఉన్న వాయువు అలా తిరుగుతుంటే, పైగా నక్షత్రం కూడా తన చుట్టూ తాను వేగంగా తిరుగుతుంటే, బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ బలరేఖలు మెలిపడి, ఒక్కసారిగా తెగి, మళ్ళీ కొత్తగా అతుక్కుంటాయి. ఆ క్షణంలో బయటపడే శక్తే జ్వాల. కాంతి, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు అన్నీ కలిసి వస్తాయి, కొన్నిసార్లు ప్లాస్మా (అంటే ఆ ఆవేశం ఉన్న వాయువు) ముద్దలు కూడా ఎగిరిపోతాయి.

నక్షత్రాలకు వయసు పెరిగేకొద్దీ తిరిగే వేగం తగ్గి ఉద్రేకం చల్లారుతుంది. సూర్యుడు ఆ పని చాలా త్వరగా ముగించాడు. చిన్న నక్షత్రాలకు అందుకు వందల కోట్ల ఏళ్ళు పడుతుంది. బార్నార్డ్ నక్షత్రం సూర్యుడి కన్నా చాలా ముసలిది, మన పక్కనే 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ముసలితనంలోనూ అది జ్వాలలు విసరడం 2019లో హబుల్, చంద్రా టెలిస్కోపులు చూశాయి.

ఆ జ్వాలలు ఎంత పెద్దవి?

2019 మే 1న ప్రాక్సిమా మీద ఒక జ్వాల లేచింది. దూర అతినీలలోహిత కాంతిలో ఆ నక్షత్రం కొన్ని సెకన్లలోనే 14,000 రెట్లు ప్రకాశించింది. నేల మీదవీ అంతరిక్షంలోవీ కలిపి అనేక టెలిస్కోపులు ఒకేసారి అటు తిరిగి ఉండటంతో దాన్ని పూర్తిగా పట్టగలిగారు. 2016 మార్చిలో మరొకటి మామూలు కాంతిలోనే నక్షత్రాన్ని 60 రెట్ల పైన వెలిగించింది. చాలా చీకటి చోట నిలబడి, చూపు బాగా ఉన్నవాళ్ళకు దాదాపు కంటికి ఆనే స్థాయి అది.

సూర్యుడి మీదా జ్వాలలు లేస్తాయి కదా. మనకేం కాలేదే?

దూరమే కాపాడింది. ప్రాక్సిమా చుట్టూ తిరిగే ప్రాక్సిమా-బి గ్రహానికి (2016లో బయటపడింది) ఒక సంవత్సరం అంటే 11 రోజులు. నక్షత్రానికి దాని దూరం 75 లక్షల కి.మీ. లోపే. మనకు సూర్యుడు 15 కోట్ల కి.మీ. ఆ నక్షత్రం ఇచ్చేది సన్నటి వెలుగు, నీళ్ళు గడ్డకట్టకుండా ఉండాలంటే గ్రహం అంత దగ్గర కూర్చోక తప్పదు. 20 రెట్లు దగ్గరైతే అదే జ్వాల దెబ్బ 400 రెట్లు. మామూలు రోజుల్లో కూడా ఆ గ్రహం మీద పడే ఎక్స్ కిరణాలు మనమీద పడేవాటికి వందల రెట్లు.

ఇక మన సూర్యుడి సంగతి. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ కారింగ్టన్ కళ్ళారా చూసిన జ్వాల తర్వాత టెలిగ్రాఫ్ తీగలు నిప్పురవ్వలు కక్కాయి, అయినా పైర్లకూ పశువులకూ ఏమీ కాలేదు. 2024 మేలో వచ్చిన సౌర తుఫానుకు లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. మన దగ్గర అలాంటివి జరిగితే షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోవచ్చు, వేటకెళ్ళిన బోట్లలో జీపీఎస్ కొంచెం పక్కకు చూపించవచ్చు. మనిషి ఒంటికి తగిలేదేమీ లేదు.

అయితే రోహిణి కార్తెలో ఎండలు మండిపోయేది జ్వాలల వల్లేనా?

కాదు. ఇది ప్రతి మే నెలలో ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. 2003 అక్టోబరులో వచ్చిన అతి పెద్ద జ్వాల కూడా సూర్యుడి మొత్తం వెలుగును 0.03 శాతం కూడా పెంచలేదు. పడమటి వేడిగాలులు, సముద్రపు గాలి ఆలస్యం కావడం, వానలు మొదలుకాకపోవడం చాలు మనల్ని ఉడకబెట్టడానికి.

అంటే జ్వాలలే ఆ గ్రహాలకు అసలు శత్రువులా?

ఇక్కడే వార్తలతో నాకు పేచీ. జ్వాల అంటే ఫొటోకు బాగుంటుంది, హెడ్డింగుకు బాగుంటుంది. నా మటుకు నాకు అంతకన్నా పెద్ద దెబ్బ నక్షత్రం పుట్టిన కొత్తల్లోనే పడుతుంది, ఎవరూ దాన్ని బొమ్మ వేసి చూపించరు.

పుట్టిన నక్షత్రం కుదురుకునేలోపు ఇప్పటికన్నా పెద్దగా, ఎక్కువ వెలుగుతో ఉంటుంది. క్రమంగా కుంచించుకుపోయి స్థిరపడుతుంది. సూర్యుడికి దీనికి 5 కోట్ల ఏళ్ళు పట్టింది, మన భూమి పూర్తిగా తయారయ్యేసరికే ఆ గొడవ దాదాపు సర్దుకుంది. బాగా చిన్న నక్షత్రాలకు 100 కోట్ల ఏళ్ళ దాకా పట్టవచ్చు. ఆ కాలంలో వాటి వెలుగు మొదట్లో పదుల రెట్లు ఉండి నెమ్మదిగా దిగుతుంది. అంటే ఈరోజు "సమశీతోష్ణంగా ఉంది, నీళ్ళుండవచ్చు" అని మనం లెక్కగట్టే గ్రహం, తన బాల్యమంతా పెనం మీదే గడిపింది. దాని మీద సముద్రాలుంటే ఆవిరైపోతాయి. ఆ ఆవిరి పైకి చేరితే అతినీలలోహిత కిరణాలు నీటి అణువును విరగ్గొడతాయి, తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోతుంది. భూమి మీదున్న సముద్రాలకు కొన్ని రెట్ల నీరు ఇలా పోగలదని 2015లో లూగర్, బార్న్స్ అనే పరిశోధకులు లెక్క కట్టారు.

మన రైతులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నారుమడి ఎండిపోయాక కాలువకు నీళ్ళొదిలితే ఏం నాటుతాం? నక్షత్రం చల్లబడి, గ్రహం ఉన్న చోటు సరిగ్గా నివాసయోగ్యంగా మారేసరికి అక్కడ తడే మిగలకపోవచ్చు.

ఇంకో తంటా ఉంది. హైడ్రోజన్ పోయాక బరువైన ఆక్సిజన్ చాలావరకు గ్రహం మీదే మిగిలిపోవచ్చు. దూరం నుంచి చూసి "ఆక్సిజన్ ఉంది, చెట్లున్నాయి" అని సంబరపడితే, నిజానికి అది ఎండిపోయిన సముద్రం తాలూకు గుర్తు కావచ్చు.

దీనికి విరుగుడు లేదని కాదు. గ్రహం దూరంగా పుట్టి, నక్షత్రం నెమ్మదించాక దగ్గరకు జరిగి ఉండవచ్చు. రాళ్ళ లోపల దాగిన నీరు అగ్నిపర్వతాల దారిన తర్వాత బయటకు రావచ్చు. తోకచుక్కలు కొంత మోసుకురావచ్చు. అందుకే ఒక్కో గ్రహానికి దాని చరిత్ర వేరుగా చూడాలి. ఇప్పుడు ఎంత దూరంలో ఉంది అనే ఒక్క అంకె పట్టుకుని "రెండో భూమి" అనడం తొందరపాటు.

గాలి ఎలా ఎగిరిపోతుంది?

పై పొరలు ఎక్స్ కిరణాలతో వేడెక్కి ఉబ్బుతాయి, అంచున ఉన్న అణువులు గ్రహం పట్టు తప్పించుకుంటాయి. నక్షత్రం నుంచి వీచే ఆవేశకణాల గాలి వాటిని ఊడ్చుకుపోతుంది. మన పక్కింటి ఉదాహరణ అంగారకుడు. అక్కడి నుంచి సెకనుకు సుమారు 100 గ్రాముల వాయువు పోతోందని, సౌర తుఫానప్పుడు ఇంకా పెరుగుతోందని నాసా మావెన్ నౌక కొలిచింది. వినడానికి తక్కువే, వందల కోట్ల ఏళ్ళు గుణిస్తే తెలుస్తుంది. శాంతంగా ఉన్న సూర్యుడికి, అంత దూరాన ఉంటేనే ఇదీ పరిస్థితి.

ప్లాస్మా ముద్దల విషయంలో ఒక సందేహం చాలాకాలం ఉండేది. చిన్న నక్షత్రాల అయస్కాంత క్షేత్రం మరీ బలమైనది కాబట్టి ముద్ద బయటపడకుండా అదే పట్టి ఉంచుతుందేమోనని. 2025 నవంబరులో లోఫర్ రేడియో టెలిస్కోపు సమాచారంతో ఒక ఎర్ర మరుగుజ్జు నుంచి సెకనుకు 2,400 కి.మీ. వేగంతో ముద్ద బయటపడినట్టు ప్రకటించారు. కనీసం కొన్ని తప్పించుకుంటాయన్నమాట.

ఊరటనిచ్చే సంగతి కూడా ఒకటుంది. వేగంగా తిరిగే నాలుగు చిన్న నక్షత్రాలను టెస్ ఉపగ్రహంతో పరిశీలిస్తే, పెద్ద జ్వాలలు మధ్యరేఖ దగ్గర కాకుండా 55 డిగ్రీల పైన, ధ్రువాల వైపు లేచినట్టు 2021లో తేలింది. గ్రహాలు సాధారణంగా మధ్యరేఖకు ఎదురుగా తిరుగుతాయి. దెబ్బ పక్కనుంచి పోయే అవకాశం ఉంది.

ఓజోన్ పొర ఆపలేదా?

కిరణాలను ఆపుతుంది, కణాల ముందు నిలవదు. ఏడీ లియోనిస్ అనే నక్షత్రం మీద 1985లో కనిపించిన పెద్ద జ్వాలను ఆధారం చేసుకుని 2010లో ఒక లెక్క వేశారు. అతినీలలోహిత కాంతి ఒక్కటే అయితే భూమిలాంటి గ్రహం మీద ఓజోన్‌కు పెద్దగా ఏమీ కాలేదు. దానితో పాటు ప్రోటాన్లు అనే ఆవేశకణాలు కూడా వచ్చి పడితే రెండేళ్ళలో 94 శాతం పోయింది. ఒక్కసారైతే మళ్ళీ కోలుకుంటుంది. కోలుకునేలోపే ఇంకోటి వస్తే?

నీళ్ళ అడుగున ఉండే జీవాలకు ఇబ్బంది ఏముంది?

నీళ్ళుంటే చాలా మటుకు ఇబ్బంది లేదు. కొన్ని మీటర్ల నీరు అతినీలలోహిత కిరణాలను బాగా తగ్గించేస్తుంది. స్వచ్ఛమైన సముద్రంలో ఇవి కొంత లోతుకు దిగుతాయి. శ్రావణంలో ఎర్రగా పొంగే గోదావరి లాంటి బురదనీరైతే జానెడు లోతులోనే చాలావరకు ఆగిపోతాయి. కోరంగి మడ అడవుల బురదలో ఉండే సూక్ష్మజీవులకు పైన ఎంత జ్వాల లేచినా తెలిసేది తక్కువ. భూమి మీద కూడా జీవం మొదటి వందల కోట్ల ఏళ్ళు ఓజోన్ పొర లేకుండానే గడిపింది. కాబట్టి "జ్వాలలున్నాయి, జీవం అసాధ్యం" అనేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. నీరు నిలిచి ఉండటమే పెద్ద ప్రశ్న.

అక్కడ వరి పండుతుందా? (భీమవరం వైపు ఒక రైతుగారి ప్రశ్న)

మన స్వర్ణ, ఎంటీయూ రకాలకు కష్టమేనండి. మొక్కలు వాడుకునేది ముఖ్యంగా కంటికి కనిపించే వెలుగు. ఎర్ర మరుగుజ్జు ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం పరారుణం, అంటే వేడి తగులుతుంది కానీ ఆకుకు తిండి కాదు. మిట్టమధ్యాహ్నం కూడా సంజె వెలుగులా ఉంటుంది. అయితే ఎరుపు అవతలి అంచును వాడుకునే క్లోరోఫిల్-ఎఫ్ అనే పత్రహరితం రకం భూమి మీదే ఉందని 2010లో ఆస్ట్రేలియాలోని షార్క్ బే నుంచి తెచ్చిన నమూనాల్లో కనిపెట్టారు. అక్కడే పుట్టి పెరిగే మొక్క అలాంటి దారి వెతుక్కోవచ్చు.

ఒకవైపు ఎప్పుడూ పగలే అంటారు, నిజమా?

చాలావాటికి నిజం కావచ్చు. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపించినట్టే, అంత దగ్గరి గ్రహాలు నక్షత్రానికి ఒకే ముఖం చూపిస్తాయి. దట్టమైన గాలి ఉంటే పగటి వేడి రాత్రి వైపుకు చేరుతుంది. గాలి లేకపోతే ఒకవైపు కొలిమి, ఒకవైపు మంచు. మళ్ళీ గాలి దగ్గరికే వచ్చాం.

జ్వాలల వల్ల మేలేమీ లేదా?

ఉండొచ్చు. జీవానికి ముందు జరిగే రసాయన చర్యల్లో కొన్నిటికి అతినీలలోహిత కాంతి కావాలి. శాంతంగా ఉన్న ఎర్ర మరుగుజ్జు ఇచ్చేది అందుకు చాలదు. జ్వాలలు ఆ లోటు తీర్చవచ్చని 2018లో ఒక పరిశోధన సూచించింది.

ట్రాపిస్ట్-1 ఏడు గ్రహాల సంగతి ఏమైంది?

40 కాంతి సంవత్సరాల దూరంలో, కుంభరాశి దిశలో ఉంది. ఏడు గ్రహాలున్నాయని 2017 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అన్నిటికన్నా లోపలి గ్రహం పగటి వైపు వేడి కొలిస్తే సుమారు 230 డిగ్రీలు వచ్చింది. గాలి లేని రాయి ఎలా ఉంటుందో అలాగే ఉంది. రెండోదాని మీదా దట్టమైన బొగ్గుపులుసు వాయువు కనిపించలేదు. సరైన దూరంలో ఉన్న నాలుగో గ్రహం, ట్రాపిస్ట్-1ఇ, ఇంకా తేలలేదు.

తేలకపోవడానికి కారణం కూడా నక్షత్రమే. గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రపు వెలుగులో ఏం తగ్గిందో చూసి గ్రహం మీది గాలిని అంచనా వేస్తారు. కానీ ఈ నక్షత్రాల మచ్చలు ఎంత చల్లనివంటే, వాటిలోనే నీటి ఆవిరి ఉంటుంది! జీజే 486బి అనే గ్రహం దగ్గర 2023లో నీటి జాడ దొరికితే, అది గ్రహానిదా నక్షత్రపు మచ్చలదా చెప్పలేకపోయారు.

టీవీలో హడావిడి చేసిన కె2-18బి గ్రహం?

124 కాంతి సంవత్సరాల దూరం. దాని నక్షత్రమూ ఎర్ర మరుగుజ్జే. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం జీవానికి సంబంధించినదై ఉండగల వాయువు జాడ చెప్పింది. మిగతా బృందాలు చాలావరకు ఒప్పుకోలేదు. గ్రహం భూమికి 2.6 రెట్లు పెద్దది, అసలు నేల ఉందో లేదో కూడా వాదనే.

ఇన్ని చిక్కులుంటే వీటి చుట్టే ఎందుకు వెతుకుతారు?

సులువు కాబట్టి. భూమంత గ్రహం సూర్యుడికి అడ్డొస్తే వెలుగు 0.008 శాతం తగ్గుతుంది, ఏడాదికి ఒక్కసారి. ట్రాపిస్ట్-1 దగ్గర సుమారు 0.7 శాతం, అదీ కొద్ది రోజులకోసారి. సూర్యుడికీ వీటికీ మధ్యరకమైన నారింజ రంగు నక్షత్రాలు బతుకుకు ఇంకా మంచివని చాలామంది అంటారు. నేనూ అటే మొగ్గుతాను, కానీ వాటి చుట్టూ చూడటం ఇంకా కష్టం.

మనవాళ్ళ పాత్ర ఏమైనా ఉందా?

ఉంది. హైదరాబాద్‌లో నిజామియా వేధశాల నీడలో పెరిగిన వైను బప్పు, అమెరికాకు చెందిన ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో నక్షత్రాల వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే కాల్షియం రేఖకూ వాటి అసలు ప్రకాశానికీ సంబంధం చూపించారు. విల్సన్-బప్పు ఫలితం అంటారు. ఈరోజు నక్షత్రం ఎంత ఉద్రేకంగా ఉందో కొలవడానికి వాడేదీ ఆ కాల్షియం రేఖలనే. 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్ అంతరిక్ష టెలిస్కోపు ప్రాక్సిమా జ్వాలను ఎక్స్ కిరణాల్లో చూసింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య-ఎల్1 నౌక సూర్యుడి జ్వాలలను గమనిస్తోంది.

ప్రాక్సిమా జ్వాలలు మన జాతకాల మీద ప్రభావం చూపుతాయా?

వాటి వెలుగు ఇక్కడికి చేరేసరికే నాలుగేళ్ళు దాటుతుంది. చూపవు.

పిల్లలతో ఇంట్లో చేయదగ్గ పని ఏమైనా చెప్పండి.

సూర్యుడి మచ్చలు గీయించండి. సూర్యుడిని నేరుగా గానీ, టెలిస్కోపులోంచి గానీ, బైనాక్యులర్‌లోంచి గానీ చూడకూడదు, పిల్లల పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. చిన్న బైనాక్యులర్‌ను స్టాండుకు బిగించి, ఒక గొట్టానికి మూత పెట్టి, రెండో గొట్టంలోంచి వచ్చే సూర్యబింబాన్ని తెల్ల కాగితం మీద పడనివ్వండి. మధ్యమధ్యలో పక్కకు తిప్పి చల్లారనివ్వండి. నల్లచుక్క కనిపిస్తే కాగితం కాస్త జరపండి. కాగితంతో పాటు కదిలితే మరక, బింబంలోనే ఉండిపోతే మచ్చ. మర్నాడు అదే సమయానికి మళ్ళీ గీస్తే మచ్చ జరిగి ఉంటుంది. అంచు నుంచి అంచుకు చేరడానికి రెండు వారాలకు కాస్త తక్కువ పడుతుంది. ప్రాక్సిమా తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 90 రోజులు పడుతుందని తెలుసుకున్నదీ, మచ్చలు ఎదురొచ్చినప్పుడు దాని వెలుగు తగ్గడం చూసే.